నవల అరవై పేజీల దగ్గర ఆగిపోతోంది, ఇది మూడోసారి

చిత్తుకాగితం:
నాకు 19 ఏళ్లు. పదహారో ఏట నుంచి నవల రాయాలని పట్టుకు కూర్చున్నాను. ఇప్పటికి మూడు మొదలుపెట్టాను, మూడూ అరవై పేజీలు దాటలేదు. మొదటి అధ్యాయం మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది, ఉండక ఏం చేస్తుంది, పదకొండు సార్లు తిరగరాశాను మరి. ఫైలు తెరవగానే నిన్నటిది ఒకసారి చూసి మొదలుపెడదాం అనుకుంటాను, చూస్తూ చూస్తూ ఒక మాట మారుస్తాను, అది మార్చాక పక్క వాక్యం నచ్చదు, తీరా చూస్తే గంటన్నర అయిపోయి ఉంటుంది, కొత్తగా రాసింది నాలుగు లైన్లు.

ఇప్పటి కథలో సుధ అనే అమ్మాయి వాళ్ల నాన్న చనిపోతాడు, ఆయన ఎవరికీ చెప్పకుండా చేసిన అప్పులు తర్వాత బయటపడతాయి. అక్కడిదాకా బండి బాగానే నడిచింది. ఆ తర్వాత ఏం జరగాలో తోచట్లేదు. ఫ్రెండ్‌కి ఇస్తే "బాగుంది రా" అన్నాడు. ఏం బాగుందిరా అంటే "మొత్తం" అన్నాడు. వాడు చదవలేదని అర్థమైంది.

కథంతా ముందే ప్లాన్ చేసుకోవాలా? ఈ వయసుకి నవల అంటే తొందరపాటా? ఉన్న మూడు అధ్యాయాలు ఎవరైనా పబ్లిషర్‌కి పంపితే ఏదో ఒకటి చెబుతారా?

రాత్రిబడి:
తమ్ముడూ, చివరి రెండూ ముందు తేల్చేద్దాం. పంపకు. మొదటి నవల విషయంలో చాలామంది పూర్తి రాతప్రతి చేతిలో ఉంటే తప్ప పట్టించుకోరు. ఇక వయసంటావా, ఇంగ్లీషు రచయిత్రి మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ నవల మొదలుపెట్టినప్పుడు ఆవిడకి 18, 1818లో అచ్చయ్యేసరికి ఇరవై. అందుకని నువ్వూ రాసేస్తావని కాదు, వయసు అడ్డం కాదని చెప్పడానికి.

నీ అసలు రోగం ఆ "ఒకసారి చూసి మొదలుపెడదాం". నాకూ ఉండేది. మొదటి నవలకి నాలుగేళ్లు పట్టింది, అందులో మూడేళ్లు మొదటి యాభై పేజీలకే పోయాయి, చివరికి ఆ యాభై పేజీల్లో ముప్పై కొట్టేశాను. ఆ ముప్పైలో ఒక వాన వర్ణన ఉండేది, దానికోసం వారం కూర్చున్నాను, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. రెండోదానికి ఏం చేశానంటే రోజూ కొత్త ఫైలు. నిన్న రాసిన ఆఖరి వాక్యం ఒక్కటి పైన పెట్టుకుని అక్కడినుంచి రాయడమే, పాత ఫైలు తెరవడం నిషిద్ధం. మధ్యలో "సుధకి ఒక అక్క ఉంటే బాగుండు" అనిపించిందనుకో, వెనక్కి వెళ్లి అక్కని పుట్టించకు. పక్కన నోట్‌బుక్‌లో "అక్క ఉంది" అని రాసుకుని, మొదటినుంచీ ఉన్నట్టే ముందుకి నడిపించు. రోజుకి 300 మాటలు చాలు, 200 రోజులకి 60 వేలు. చెత్తగా ఉంటుంది, ఉండనీ. ఇంకోటి, అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పింది: తర్వాత ఏం జరుగుతుందో నీకు తెలిసిన చోటే ఆ రోజుకి ఆపేయాలి. మనం ఉన్నదంతా ఊడ్చి రాసేసి, మర్నాడు ఖాళీ బుర్రతో కూర్చుంటాం.

గీతలనోటు:
పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ "ముందుకి పో" అనడం అందరికీ పనిచేయదండి. నేను అలాగే పోయాను. క్రైమ్ నవల, 45 వేల మాటలు, చివరికొచ్చేసరికి హంతకుడు ఎవరో నాకే తెలియదు! ఉన్న పాత్రల్లో ఎవరిని చేసినా ఎక్కడో ఒకచోట అతకదు. ఆ దెబ్బకి తర్వాతిదానికి అధ్యాయం అధ్యాయం 22 పేజీల ప్లాన్ వేశాను, వేయడంలోనే సరదా అంతా తీరిపోయింది, రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు ముగింపు, దానికి ముందు రెండు మూడు మలుపులు, అంతే, ఒక చిన్న కార్డు మీద పడతాయి. మీది క్రైమ్ కాదు కాబట్టి అంత కూడా అక్కర్లేదేమో.

ఎర్రసిరా:
ప్లానా, ప్లాన్ లేకపోవడమా అన్నది ఇక్కడ సమస్యే కాదని నాకనిపిస్తోంది. నాన్న పోవడం, అప్పులు బయటపడటం, రెండూ సుధకి జరిగినవి. సుధ చేసినదేంటి? అరవై పేజీల్లో ఆ అమ్మాయి ఒక్క నిర్ణయం కూడా తీసుకోకపోతే కథ ఆగక ఏం చేస్తుంది? నాన్న పోయిన చోటు నుంచి ఒక పేరా ఇక్కడ పెట్టండి, చూద్దాం.

చిత్తుకాగితం:
ఇదిగోండి. "సుధ గుండె బరువెక్కింది. నాన్న ఇక లేడన్న నిజం ఆమెను నిలువునా దహించివేసింది. ఆమె కళ్లు కన్నీటి సముద్రాలయ్యాయి."

ఎర్రసిరా:
కోప్పడకండి, ఈ మూడు వాక్యాలు ఎవరి నాన్న పోయినా, ఏ నవలలోనైనా పెట్టేయొచ్చు. సుధ ఎక్కడుంది ఇందులో? నేనైతే ఇలా మొదలుపెట్టేదాన్ని: "మర్నాడు అయిదింటికి నాన్న ఫోన్‌లో అలారం మోగింది. సుధ లేచి వెళ్లి, ఆపకుండా, పది నిమిషాలు వాయిదా వేసింది." ఏడ్చిందని చెప్పలేదు. పది నిమిషాల తర్వాత అది మళ్లీ మోగుతుందని చదివేవాళ్లకి తెలుసు. ఇదే మీరు వాడుకోమని కాదు, మీ సుధ ఏం చేస్తుందో మీరే వెతకాలి.

పైగా ఫోన్ అమ్మాయి చేతికొచ్చింది చూశారా. అప్పులవాళ్ల ఫోన్లు దానికే వస్తాయి. ఎత్తాలా వద్దా? ఎత్తితే నాన్న పోయాడని చెబుతుందా, "స్నానానికెళ్లారు" అని అబద్ధం చెబుతుందా? అబద్ధం చెప్పిందంటే అరవై ఒకటో పేజీ వచ్చేసినట్టే, ఎందుకంటే ఆ అబద్ధాన్ని మర్నాడు కూడా కాపాడుకోవాలి కదా.

గీతలనోటు:
స్నానానికెళ్లారు 😀 ఇది నేను కొట్టేస్తున్నా.

చిత్తుకాగితం:
అందరికీ థాంక్స్. మొన్న ఎర్రసిరా గారి మాట చదివి కాసేపు ఒళ్లు మండింది, ఆ కన్నీటి సముద్రాలు నాకు చాలా ఇష్టం మరి. రాత్రి మళ్లీ చదివి ఫైలు మూసేసి కొత్తది తెరిచాను. ఫోన్ వద్దనుకున్నాను, అది మీది. మా సుధ నాన్న సంతకం ప్రాక్టీస్ చేస్తోంది, పాత నోట్‌బుక్ వెనక పేజీలో. ఎందుకో నాకింకా తెలియదు. అక్కని కూడా పెట్టాను. నిన్న సుజాత అని పిలిచాను, ఇవాళ చూసుకోకుండా సుమతి అని రాసేశాను. వెనక్కి వెళ్లలేదు. రెండు రోజులకి 1,100 మాటలు.