ఘాట్ రోడ్డు భయానికి ట్యాపింగ్: ఇంట్లో పనిచేస్తోంది, బస్సులో లేదు

కపిలతీర్థం_వీధి (ప్రశ్న):
మా అమ్మకు అరవై దాటాయి. కొండకు పోవాలని ఆశ, కానీ అలిపిరి దాటి మలుపులు మొదలైతే చాలు, చేతులు చల్లబడిపోతాయి. ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. నడిచిపోదామంటే మోకాళ్లు ఒప్పుకోవు. వీడియోలు చూసి పది రోజులుగా ట్యాపింగ్ (ముఖం మీదా ఒంటి మీదా కొన్ని పాయింట్లను వేళ్లతో తడుతూ భయం తగ్గించుకునే పద్ధతి) చేయిస్తున్నాం. పొద్దున పది నిమిషాలు, "నాకు భయం ఉన్నా, నన్ను నేను సంపూర్ణంగా ప్రేమిస్తూ అంగీకరిస్తున్నాను" అని చెప్పుకుంటా తడుతుంది. ఇంట్లో ప్రశాంతంగానే ఉంటుంది, బస్సులో మాత్రం ఏ మార్పూ లేదు. పాయింట్లు తప్పుతున్నాయా? ఇంకెన్నాళ్లు చేయాలి?

చిత్తూరు_సుగుణక్క:
పాయింట్ల సంగతి తర్వాత. రెండు చోట్ల తప్పు జరుగుతోంది బాబూ. ఒకటి, భయం లేని పొద్దున పూట తడుతున్నారు. లేని భయం ఎట్ల తగ్గుతుంది? ముందు కొంచెం రేపాలి, అప్పుడు తట్టాలి. ఫోన్‌లో ఘాట్ రోడ్డు వీడియో పెట్టి, అమ్మ చేతులు చల్లబడే ముక్క దగ్గర ఆపండి. అక్కడ మొదలుపెట్టాలి.

రెండోది మాటలు. "నాకు భయం" అంటే మనసుకు ఏ భయమో తెలియదు. అమ్మను కూర్చోబెట్టి అడగండి: కిటికీలో లోయ కనపడడమా, మలుపులో బస్సు ఒరగడమా, బ్రేకు చప్పుడా, ఎదురుగా ఏమొస్తుందో తెలియకపోవడమా? ఒక్కోటీ వేరే పని, ఒక్కోదానికీ వేరే చుట్లు. ఎక్కడం, దిగడం కూడా కలపొద్దు. ఎక్కే రోడ్డు 1974లో వచ్చింది. దిగేది 1944 నాటి పాత రోడ్డు, మెలికలు ఎక్కువ దాంట్లోనే. ఎక్కేటప్పటి భయం పోయి, దిగేటప్పటిది అట్లనే మిగిలిపోవచ్చు.

ఆ వీడియోల వాక్యం పెద్దవాళ్ల నోట పలకదు. "సంపూర్ణంగా ప్రేమిస్తూ" అనేటప్పుడు అమ్మ ధ్యాసంతా మాట తప్పకుండా పలకడం మీదనే ఉంటుంది. ఇంట్లో మాట్లాడే మాటే పెట్టండి: "మలుపులో బస్సు ఒరిగితే నా గుండె దడదడమంటా ఉంది, అయినా పర్వాలేదు, నేను బాగానే ఉండా." అరచేతి అంచున, చిటికెన వేలికి మణికట్టుకి మధ్య ఉన్న మెత్తటి కండ మీద తడుతూ ఇది మూడుసార్లు.

అంతకంటే ముందు భయం కొలవాలి, 0 నుంచి 10. అంకెలు అమ్మకు కుదరకపోతే "పది రూపాయల్లో ఎన్ని రూపాయల భయం?" అని అడగండి. ఆ అంకె కాగితం మీద రాయండి. రాయకపోతే తగ్గిందో లేదో తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇక చుట్టు. రెండు వేళ్ల కొసలతో, బేనీషా మామిడి పండు నలగకుండా తట్టినంత మెత్తగా, ఒక్కో చోట ఏడుసార్లు. కనుబొమ మొదలు, ముక్కు వైపు. కంటి చివర ఎముక (చాలామంది కణత మీద తడతారు, అది కాదు). కంటి కింద ఎముక. ముక్కుకీ పై పెదవికీ మధ్య. కింది పెదవి కింద పల్లం. గొంతు గుంట నుంచి ఒక అంగుళం కిందికి, ఒక అంగుళం పక్కకి. చంక కింద నాలుగు అంగుళాలు. చివర మాడు. ఏ పక్కయినా ఒకటే. ప్రతి చోటా చిన్న మాట చాలు: "ఈ ఒరగడం", "ఈ దడ". ఊపిరి బిగబట్టకుండా చూసుకోండి.

చుట్టు అయ్యాక ఒక పెద్ద ఊపిరి తీసుకుని మళ్లీ కొలవండి. 8 కాస్తా 5 అయితే, "ఇంకా మిగిలిన ఈ దడ" అని మరో చుట్టు. 2కి దిగేదాకా ఆపొద్దు. చాలామంది 4 దగ్గర హాయిగా ఉందని వదిలేస్తారు, బస్సెక్కగానే అది మళ్లీ 8. అంకె పెరిగితే కంగారు పడకండి, వేరే ముక్క బయటపడిందని అర్థం. ఏమొచ్చిందో అడిగి మాట మార్చండి. మూడు చుట్లకీ కదలకపోతే మాట సరిగ్గా దొరకలేదన్నట్టే.

కొర్లగుంట_నివాసి:
ఒకటి తేల్చుకోండి, అది భయమా, వికారమా? చేతులు చల్లబడి చెమట పట్టడం రెంటికీ ఉంటుంది. కడుపులో తిప్పడం ముందొచ్చి దడ తర్వాతొస్తే అది మలుపుల వికారం. అప్పుడు కళ్లు మూసుకోవడం తప్పేమీ కాదు: చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, బస్సు లోపలే చూస్తున్న కళ్లు కదలట్లేదంటాయి, ఆ తేడాతోనే తిప్పుతుంది. ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా రోడ్డును చూడమనండి. దీనికి వాడే పాయింటు వేరు. మణికట్టు లోపలి గీత మీద మూడు వేళ్లు అడ్డంగా పెడితే, మూడో వేలి అంచు దగ్గర, రెండు నరాల మధ్య. అది తట్టేది కాదు, బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచేది. వాంతి మాత్ర వేసే పనైతే డాక్టరునడిగి బయలుదేరే ముందే వేయండి. మలుపుల్లోకి వచ్చాక వేస్తే లాభం లేదు.

ఎస్వీయూ_సైకాలజీ:
సుగుణక్క చెప్పిన పద్ధతి సరైనదే. పాయింట్ల గురించి అడిగారు కాబట్టి ఒక మాట. 1980లలో అమెరికా సైకాలజిస్టు రోజర్ కల్లహన్ మొదలుపెట్టిన ఈ తట్టే పద్ధతిని 1990లలో గ్యారీ క్రెయిగ్ సులువు చేసి ఈఎఫ్‌టీ (ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్) అన్నాడు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో 119 మంది విద్యార్థులను నాలుగు గుంపులు చేశారు. అసలు పాయింట్లు తట్టినవాళ్లకు, చేతి మీద వేరే చోట్ల తట్టినవాళ్లకు, బొమ్మను తట్టినవాళ్లకు కూడా భయం తగ్గింది. అసలు తట్టనివాళ్లకు పెద్దగా తగ్గలేదు. కాబట్టి వేలు అర అంగుళం పక్కకు పోయిందని దిగులు వద్దు. భయాన్ని ఎదురుగా పెట్టుకుని శరీరాన్ని నెమ్మదిగా ఉంచడమే ఇక్కడ పని చేస్తోందని నా అభిప్రాయం.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. అరవై దాటిన మనిషికి దడ, చల్లటి చెమట అంటే ముందు బీపీ, షుగర్, ఈసీజీ చూపించండి. ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం, ఆయాసం ఉంటే తట్టుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. పాత ప్రమాదం ఏదైనా గుర్తొచ్చి ఏడుపు ఆగకపోతే ఇంట్లో ఇంకా తవ్వొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. వాడుతున్న మందులు మాత్రం ఆపించకండి.

కపిలతీర్థం_వీధి:
ఈసీజీ పోయిన నెలే తీయించాం, బాగానే ఉంది. అడిగి చూశాను, లోయ కాదంట, మలుపులో వెనక చక్రం అంచు దాటిపోతుందేమోనని. బస్సులో అందరి ముందూ ముఖం తట్టుకోవడానికి అమ్మకు సిగ్గు. ఏం చేయాలి?

చిత్తూరు_సుగుణక్క:
"వెనక చక్రం", అదీ మాట. ఇప్పుడు దాని మీదే తట్టించండి.

బస్సులో ముఖం ముట్టక్కర్లేదు. కొంగు చాటున చేతి అంచును రెండో చేత్తో తట్టొచ్చు, లేదంటే ఒక్కో వేలి కొసను గోరు పక్కన రెండు ఊపిర్లు పట్టేంతసేపు నొక్కి వదలాలి. వేళ్లన్నీ అయ్యేలోపు ఒకట్రెండు మలుపులు దాటిపోతాయి. మాట మనసులో అనుకుంటే చాలు.

నేరుగా కొండకు తీసుకుపోకండి. ముందు ఆగి ఉన్న బస్సులో పది నిమిషాలు కూర్చోబెట్టి కొలవండి. ఇంకో రోజు సిటీ బస్సులో అలిపిరి దాకా పోయి వెనక్కి రండి. అక్కడ 3 లోపుంటేనే పైకి. దిగే రోడ్డు వీడియో పెట్టి ఇంట్లో వేరేగా నాలుగైదు చుట్లు చేయించాకే టికెట్ తీసుకోండి. ఖాళీ కడుపుతోనూ వద్దు, నిండా తినీ వద్దు. గంట ముందు రెండు ఇడ్లీలు చాలు.