మొదటి స్పోర్ట్స్ బండి, అదీ సెకండ్ హ్యాండ్‌లో: లక్షన్నరలో ఏది చూడాలి?

స్ప్లెండర్_వారసుడు
అందరికీ నమస్తే. నాకు 23 ఏళ్లు, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌లో ఆఫీసుకి రోజూ తిరగాలి. ఇంతవరకు నడిపింది నాన్న స్ప్లెండర్, అక్క యాక్టివా, అంతే. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ బండి పిచ్చి. కొత్తది కొనే స్తోమత లేదు, అప్పు చేయనని ఇంట్లో ఒట్టు వేయించుకున్నారు. చేతిలో లక్షన్నర ఉంది.

మూడు చూశాను. కేటీఎం ఆర్‌సీ 390, 2017ది, పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఉంది, 1.48 చెప్తున్నాడు, రీడింగ్ 19 వేలు. పల్సర్ ఆర్‌ఎస్ 200 ఒకటి మా కొలీగ్ తమ్ముడిది. యమహా ఆర్15 వీ3లు ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తున్నాయి. మనసంతా 390 మీదే ఉంది, అద్దంలా మెరిసిపోతోంది. ఆదివారంలోపు ఐదు వేలు టోకెన్ ఇవ్వకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారట. ఇచ్చేయనా?

ఓవర్‌టేక్_మావయ్య
ఇవ్వకు.

ఓవర్‌టేక్_మావయ్య
భోజనం చేసి వచ్చా, ఇప్పుడు వివరంగా చెప్తా. స్ప్లెండర్‌లో ఉన్నవి ఎనిమిది గుర్రాలు. 390లో 43. మధ్యలో ఒక్క మెట్టు కూడా లేకుండా ఎక్కేస్తానంటున్నావు. అది పక్కన పెట్టినా, 2017 బండి కన్సల్టెన్సీలో అద్దంలా మెరుస్తోందంటే నాకు ముందు వచ్చే అనుమానం, ఆ ఫెయిరింగ్ (బండిని కప్పే ప్లాస్టిక్ తొడుగు) కొత్తది ఎందుకు వేయాల్సి వచ్చిందని. వాడుకున్న బండికి ఎక్కడో ఒక గీత ఉండాలి. గీతలున్న బండికి భయపడకు తమ్ముడూ, అసలు గీతే లేనిదానికి భయపడు.

390_శీను
మావయ్యా, మరీ భయపెట్టకండి. నా మొదటి బండి 390యే. ఐదేళ్లయింది, ఒంటి మీద గీత లేదు. యాక్సిలరేటర్ మన చేతిలోనే ఉంటుంది కదా. మొదటి రెండు నెలలు ఆరు వేల ఆర్‌పీఎం దాటకూడదని నియమం పెట్టుకున్నా, పాటించా. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి, నేను అంతకుముందు నాలుగేళ్లు పల్సర్ 180 నడిపా.

ఓవర్‌టేక్_మావయ్య
ఆ ఆఖరి వాక్యం ముందు రాయాల్సింది శీనూ.

బీచ్‌రోడ్_పిల్ల
వైజాగ్ నుంచి. మొదటి బండి ఎలా ఉండాలో నేను కిందపడి నేర్చుకున్నా. పాత 150, ఏబీఎస్ లేదు. భీమిలి రోడ్డులో మలుపు మీద ఇసుక పరుచుకుని ఉంది. బండి వాలి ఉండగానే కంగారులో ముందు బ్రేకు నొక్కేశా. ముందు చక్రం జర్రుమని జారడం, నేను నేల మీద ఉండడం, మధ్యలో ఏం జరిగిందో గుర్తు లేదు. తప్పు నాదే, మలుపుకి ముందే స్పీడు తగ్గించుకోవాలి. ఏబీఎస్ ఉన్నా ఆ మలుపులో పూర్తిగా కాపాడేది కాదు. మన బడ్జెట్ బండ్లలో ఉండే ఏబీఎస్ నిటారుగా వెళ్తున్నప్పుడు చక్రం పట్టేయకుండా చూస్తుంది, వాలినప్పుడు దానికీ హద్దులున్నాయి. అయినా సరే ఏబీఎస్ లేని బండి మాత్రం కొనకు. రోడ్డు మీదికి కుక్క అడ్డం వచ్చే రోజు ఒకటి తప్పకుండా వస్తుంది.

ఆర్15 వీ3 చూస్తే సంవత్సరం గమనించు. 2018లో మొదట వచ్చినవాటికి ఏబీఎస్ లేదు. 2019 మొదట్లో డ్యూయల్ చానల్, అంటే రెండు చక్రాలకీ ఏబీఎస్ వచ్చింది. ఫోటోల్లో రెండూ ఒకేలా ఉంటాయి. ముందు చక్రం దగ్గర డిస్కు లోపల చిల్లుల రింగు లాంటిది ఉందా, మీటర్‌లో తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, బండి కదలగానే ఆరిపోతోందా చూసుకో. అసలు వెలగకపోతే బల్బు తీసేశారేమో అని కూడా అనుమానించాలి.

స్ప్లెండర్_వారసుడు
థాంక్స్ అక్కా. ఎత్తు సంగతేంటి? ఆర్15 సీటు 815 మిల్లీమీటర్లట, ఆర్‌సీ 390ది ఇంకా ఎత్తట. నాకు కాళ్లు అందుతాయా?

బీచ్‌రోడ్_పిల్ల
నేను ఐదడుగుల రెండంగుళాలు. ఇప్పుడు నడిపేది నింజా 300, సీటు 785. అంకె ఒక్కటే చూడకు. సీటు ముందు భాగం సన్నగా ఉంటే కాలు నిటారుగా కిందికి దిగుతుంది, వెడల్పుగా ఉంటే అదే ఎత్తులో మునివేళ్లే ఆనతాయి. రెండు పాదాలూ పూర్తిగా ఆనక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఎడమ పక్కకి కొంచెం జరిగి ఎడమ పాదం మొత్తం ఆనించు, కుడికాలు వెనక బ్రేకు మీద ఉంచు. కష్టమల్లా ఏటవాలు పార్కింగ్‌లో బండిని వెనక్కి నెట్టుకునేటప్పుడే. షోరూమ్‌లో కూర్చుని సెల్ఫీ దిగితే అది తెలియదు. బూట్లేసుకుని వెళ్లి, దించి, నెట్టి చూడు.

క్లచ్‌ప్లేట్
నువ్వు జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్ దాకా రోజూ పోవాలంటున్నావు. ఆ దారిలో ఆరో గేరు ఉందన్న సంగతే మర్చిపోతావు. క్లిప్‌ఆన్ హ్యాండిల్ (కిందికి ఉండి, ముందుకు వంగి పట్టుకోవాల్సినది) బండి మీద నెమ్మదిగా పోతే ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. లిక్విడ్ కూల్డ్ ఇంజన్‌కి ఫ్యాన్ తిరిగిందంటే వేడిగాలి మోకాళ్లకి కొడుతుంది, మే నెలలో చెప్పక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డులో మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని ఎలాగూ రానివ్వరు. ఆ 43 గుర్రాల్నీ ఎక్కడ మేపుతావు?

ఇంకో దారి, సుజుకీ గిక్సర్ ఎస్‌ఎఫ్ 250. ఆయిల్ కూల్డ్, 26 గుర్రాల పైచిలుకు, హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉంటుంది, నడుము బతుకుతుంది. చూడ్డానికి అంత కసిగా ఉండదు, అదే దాని పాపం.

డాలస్_బండి
మా దగ్గర మోటార్‌సైకిల్ లైసెన్స్‌కి ముందు కోర్సు చేయాల్సిందే. ఖాళీ పార్కింగ్ లాట్‌లో చిన్న బండ్లిచ్చి రెండు రోజులు తిప్పించారు. సగం సేపు నేర్పింది నెమ్మదిగా తిరగడం, గట్టిగా ఆపడం, మలుపులో ఎటు చూడాలన్నదే. తర్వాత సెకండ్ హ్యాండ్ నింజా 400 కొన్నా. ఇక్కడ టైటిల్ మీద సాల్వేజ్ అని ఉందా లేదా అని మొదట చూస్తాం, అంటే ఇన్సూరెన్స్ వాళ్లు తుక్కు కింద లెక్కగట్టిన బండి. ఇండియాలో యాక్సిడెంట్ సంగతి ఆర్‌సీ మీద రాసి ఉండదు కాబట్టి మీరు కళ్లతోనే పట్టుకోవాలి.

ఓవర్‌టేక్_మావయ్య
కళ్లతో ఎలా పట్టుకోవాలో చెప్తా. 390 వద్దన్నా వెళ్లి చూసొస్తావని తెలుసు, కాబట్టి వెళ్లు, నేర్చుకోవడానికి వెళ్లు. డబ్బు ఇంట్లో పెట్టి వెళ్లు.

పొద్దున్నే వెళ్లు. ముందుగా ఇంజన్ మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉండాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే దాని అసలు గొంతు వినిపిస్తుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులైనా, వాల్వ్ సీల్స్ అయినా పోయాయి. తెల్లటి ఆవిరి చలికాలంలో కాసేపు వస్తే ఫర్వాలేదు, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో చూడాలి.

తర్వాత అందరూ వదిలేసే చోటు. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పు. ఫోర్కుల్ని (ముందు చక్రాన్ని మోసే రెండు గొట్టాలు) పట్టుకునే కింది క్లాంపు ఫ్రేముకి ఎక్కడ తగిలి ఆగుతుందో అక్కడ మొబైల్ టార్చ్ వేసి చూడు. చిన్న ఇనుప బుడిపె ఉంటుంది. బండి గట్టిగా పడినప్పుడు హ్యాండిల్ విసురుగా తిరిగి దానికే గుద్దుకుంటుంది. ఆ బుడిపె చప్పగా నలిగినా, వంగినా, పక్కన పెయింటు పగిలినా, మళ్లీ పెయింటు పూసినట్టున్నా ఆ బండిని వదిలెయ్. ఫెయిరింగ్ మార్చొచ్చు, లివర్లు మార్చొచ్చు, హ్యాండిల్ చివరి బరువులు కూడా మార్చొచ్చు. ఆ బుడిపె ఫ్రేములో భాగం, దాన్ని ఎవరూ మార్చరు.

చైను వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీద ఉన్నచోట వెనక్కి లాగి చూడు. పన్ను సగం కనబడేంత లేస్తే సెట్టు మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమను. ముందు చక్రం లేపించి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పు, మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ బేరింగులు) పోయింది. ఫోర్కుల మీద ఆయిల్ చారలుంటే సీల్స్ పోయినట్టు. ఇవన్నీ డబ్బుతో పోయే జబ్బులు, బేరానికి పనికొస్తాయి. ఫ్రేము జబ్బు అలా పోదు.

సీబుక్కు_బాధితుడు
బండి సంగతి మీరు చూసుకోండి, కాగితాలు నేను చెప్తా. ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు. మూడేళ్ల కిందట ఒక కన్సల్టెన్సీలో నా బండి అమ్మా. ఫారం 29, 30 (పేరు మార్పిడి కాగితాలు) మీద సంతకాలు పెట్టించుకున్నాడు, తేదీలు ఖాళీ, కొనేవాడి పేరు ఖాళీ. ట్రాన్స్‌ఫర్ మేమే చూసుకుంటామన్నాడు. రెండేళ్ల పాటు హెల్మెట్ లేని చలాన్లు, ట్రిపుల్ రైడింగ్ చలాన్లు నా ఫోన్‌కే వచ్చాయి. ఫోటోల్లో ముగ్గురు కుర్రాళ్లు నా బండి మీద హాయిగా నవ్వుతున్నారు.

అందుకే ఎవరి పేరున ఉందో ఆ మనిషిని నేరుగా కలిస్తేనే కొను. ఛాసిస్ మీద కొట్టిన నంబరూ ఇంజన్ నంబరూ ఆర్‌సీతో అంకె అంకె పోల్చుకో. ఎంపరివాహన్ యాప్‌లో ఫైనాన్స్ ఉందేమో చూడు. అప్పు తీరినంత మాత్రాన ఆర్‌సీలో బ్యాంకు పేరు దానంతటది పోదు, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 ఇచ్చి తీయించాలి. తీయించాకే డబ్బు. చలాన్లు వాళ్లచేతే కట్టించు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో నీ పేరుకి మార్పించుకో, లేకపోతే రేపు నీ బండికి దెబ్బ తగిలితే క్లెయిమ్ దగ్గర కొర్రీ వేస్తారు. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు, అది మనిషికి చెందేది.

ఇంకోటి, బెంగళూరు బండి చవగ్గా వచ్చిందని ఎగబడకు. అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. మిగిలిందనుకున్నది అందులో పోతుంది.

స్ప్లెండర్_వారసుడు
ఆదివారం వెళ్లొచ్చా. పొద్దున ఏడింటికే వెళ్లా, షాపు షట్టర్ సగమే లేచి ఉంది. బండి మాత్రం బయట పెట్టేశారు. మావయ్య చెప్పినట్టు ఇంజన్ మీద చెయ్యి పెట్టబోతే కాలింది. "మీకోసమే వేడి చేసి పెట్టా తమ్ముడూ" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వా.

టార్చ్ వేసి చూశా. కుడివైపు బుడిపె బాగానే ఉంది. ఎడమవైపుది ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక మూల చప్పగా అయింది, దాని మీద నల్ల పెయింటు బ్రష్‌తో పూసిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. మీటర్‌లో 19 వేలు. వెనక బ్రేకు పెడల్ మీద గరుకు మొత్తం అరిగి నున్నగా ఉంది. సోమవారం ఒక సర్వీస్ సెంటర్‌లో తెలిసినవాళ్ల ద్వారా కనుక్కుంటే రెండేళ్ల కిందటి సర్వీసులోనే రీడింగ్ 31 వేలు. బండి వెనక్కి నడిచినట్టుంది.

390_శీను
ఓడిపోయా. కానీ తప్పు 390ది కాదు, మీటర్ తిప్పినవాడిది 😄

స్ప్లెండర్_వారసుడు
నిజమే అన్నా. ఎప్పటికైనా కొంటా, ఇప్పుడు కాదు.

ఆర్‌ఎస్ 200 కూడా చూశా. బండి మంచిదే, కానీ ఇంకా ఫైనాన్స్‌లో ఉంది, ఆరు వాయిదాలు మిగిలాయి. బాధితుడన్న మాట గుర్తొచ్చి మర్యాదగా తప్పుకున్నా.

ఇప్పుడు అసలు విషయం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు, వాళ్లబ్బాయి బండి. ఆర్15 వీ3, 2019 ఏప్రిల్, ఏబీఎస్ ఉంది, 17,600 తిరిగింది. అబ్బాయి చదువుకి జర్మనీ వెళ్లాడట. ఆర్‌సీ ఆయన పేరునే ఉంది. సర్వీసు బిల్లులన్నీ ఒక చీరల షాపు కవర్లో దాచారు, రీడింగులు వరసగా సరిపోయాయి. ఇంజన్ చల్లగా ఉంది, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. బుడిపెలు రెండూ శుభ్రం. ఎడమ ఫెయిరింగ్ మీద జానెడు గీత ఉంది. అడగకముందే ఆయనే చెప్పారు, గేటు తగిలిందని. బండి అడ్డదిడ్డంగా పోతోందా లేదా వెనక నుంచి చూడమని ఫ్రెండుని స్కూటర్ మీద పంపా, రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయన్నాడు. ముందు బ్రేకు నొక్కితే మాత్రం హ్యాండిల్ సన్నగా వణుకుతోంది. లక్షా ఐదు చెప్పారు.

క్లచ్‌ప్లేట్
వణుకు డిస్కు వల్ల కావచ్చు. డిస్కు మీదే కనీస మందం అంకె కొట్టి ఉంటుంది, మెకానిక్‌తో కొలిపించు. వంకర పోయినా, అరిగినా మార్చాల్సిందే, దానికి తగ్గట్టు బేరం ఆడు. ఇచ్చే డబ్బంతా బండికే పెట్టకు. మంచి ఐఎస్‌ఐ హెల్మెట్, గ్లోవ్స్, జాకెట్‌కి విడిగా తీసిపెట్టు.

స్ప్లెండర్_వారసుడు
డిస్కు కొత్తది వేయించాలన్నాడు మెకానిక్. ఆ బిల్లు చూపించి 98 వేలకి ఒప్పించా. ఆయనే నాతో వచ్చి ట్రాన్స్‌ఫర్‌కి సంతకాలు చేశారు. ఇంటికి తెచ్చేసరికి అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి రెడీగా ఉంది. నాన్న ఒకసారి కూర్చుని, "దీనిమీద పేపరు చదవాలంటే బోర్లా పడుకోవాల్సిందే" అని దిగిపోయారు.

వారం తిరిగా. మణికట్లు బాగా నొప్పిగా ఉన్నాయి, చెయ్యి తప్పు పెడుతున్నానా?

బీచ్‌రోడ్_పిల్ల
చేతుల మీద వాలుతున్నావు. మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా పట్టుకో, బరువు తొడలూ నడుమూ మొయ్యాలి, మోచేతులు కొంచెం వంచి వదులుగా పెట్టు. సరిగ్గా కూర్చున్నావా లేదా తెలియాలంటే, నెమ్మదిగా పోతున్నప్పుడు హ్యాండిల్ మీద వేళ్లు పియానో వాయించినట్టు ఆడించి చూడు. ఆడకపోతే బరువు చేతుల మీదే ఉన్నట్టు. యూటర్న్‌లు ఖాళీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చెయ్, ఈ బండి స్ప్లెండర్ అంత చిన్న చోట తిరగదు.

ఓవర్‌టేక్_మావయ్య
అభినందనలు. టైర్లు చూశావా? పక్కన గుడ్డు ఆకారంలో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతవి సంవత్సరం.

స్ప్లెండర్_వారసుడు
ఇప్పుడే కిందికి దిగి చూశా. వెనకది 2223, కొత్తదే. ముందుది 0719. గాడులు ఇంకా బాగానే ఉన్నాయి, అరగలేదు. మార్చాలా?

ఓవర్‌టేక్_మావయ్య
గోరు గుచ్చి చూడు. దిగుతోందా?

స్ప్లెండర్_వారసుడు
లేదు. రాయిలా ఉంది.

బీచ్‌రోడ్_పిల్ల
రేపే మార్చు.