ఉగాది వేడుకలో ‘బ్రూక్ గ్రీన్ సూట్’: వాలంటీర్లు ఇక్కడ రాయండి

సంగీతం చూసేవారు:
అందరికీ నమస్కారం. ఈసారి మన పిల్లల వయొలిన్ బృందం ఇంగ్లిష్ స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ రాసిన ‘బ్రూక్ గ్రీన్ సూట్’ వాయిస్తుంది. సూట్ అంటే వరసగా వాయించే కొన్ని చిన్న భాగాల రచన. బ్రూక్ గ్రీన్ అంటే పశ్చిమ లండన్‌లో హామర్‌స్మిత్ పక్క పేటే. అక్కడి సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో హోల్‌స్ట్ 1905 నుంచి 1934లో చనిపోయేదాకా పనిచేశారు. 1933లో ఆ బడిలోని చిన్నపిల్లల ఆర్కెస్ట్రా కోసం దీన్ని రాశారు. ప్రిల్యూడ్, ఎయిర్, డాన్స్ అనే మూడు భాగాలూ కలిపి సుమారు ఏడు నిమిషాలు.

హోల్‌స్ట్‌దే మరో రచన ‘సెయింట్ పాల్స్ సూట్’ చేద్దామన్నవారికి: దాని చివరి భాగంలో డార్గసన్, గ్రీన్‌స్లీవ్స్ అనే రెండు పాత వరుసలు వేర్వేరు నడకల్లో ఒకేసారి సాగుతాయి. మన పిల్లలకు ఇప్పుడే అది వద్దు.

కావలసినవాళ్లు: మొదటి వయొలిన్లు 6, రెండోవి 5, వయోలాలు 3, చెల్లోలు 3, డబుల్ బాస్ 1. బాస్ తప్పనిసరి, అది లేకపోతే కింద పునాది ఉండదు. అది పెద్ద వాద్యం, తేవడానికి వెనక సీట్లు మడతపడే పెద్ద కారున్నవారు చెప్పండి.

ఒక తల్లి:
మా అమ్మాయి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోందండి. అదే తెచ్చుకోవచ్చా?

సంగీతం చూసేవారు:
దయచేసి వేరే వయొలిన్ తెప్పించండి. మన సా–పా–సా–పా శ్రుతిలో మధ్య రెండు తంతుల అంతరం శుద్ధ మధ్యమం. పాశ్చాత్య శ్రుతి జి–డి–ఎ–ఇలో అది పంచమం. అందుకే అలవాటైన చోట వేలు పెడితే వేరే స్వరం పలుకుతుంది. పైగా ఆఖరి రోజు బిగిస్తే తంతులు సర్దుకోక శ్రుతి దిగుతూనే ఉంటుంది, తంతులను మోసే బ్రిడ్జి కూడా ముందుకు వాలుతుంది. అదే వాడక తప్పదంటే కనీసం వారం ముందే శ్రుతి మార్చి పెట్టుకోవాలి.

ఇంకొకటి. ప్రిల్యూడ్ దిగివచ్చే సి మేజర్ స్కేలు మీద కట్టింది, అంటే మన శంకరాభరణం అవరోహణే. ని, మ దగ్గర పిల్లల వేలు తనంతట తానే ఊగుతుంది. పక్కవాళ్లు నిలకడగా పట్టిన స్వరానికి అది తగులుతుంది. ఇంట్లో సాధన చేయించేటప్పుడు ఆ రెండు స్వరాలూ తంబురా పెట్టి, గమకం లేకుండా, ఒక్కో విల్లు పొడుగునా పట్టించండి. మన పిల్లలకు ఆ విల్లు నిలకడ చాలా అందంగా వస్తుంది, చూడండి.

వేదిక చూసేవారు:
చేతుల్లేని కుర్చీలు 17, బాస్‌కి ఎత్తు స్టూలు 1. చేతులున్న కుర్చీలైతే విల్లు మోచేతికి అడ్డం. నొటేషన్ స్టాండులు ఒక్కో వాద్యం వరుసలో ఇద్దరికొకటి చొప్పున 11, కండక్టర్‌కి 1, అదనంగా 2. చెల్లో కాలి మేకు నున్నటి నేల మీద జారిపోతుంది, కుర్చీ కాలికి తగిలించే పట్టీలు 3 కావాలి.

సౌండ్ చూసేవారు:
ఒక్కో వాద్యానికి మైకు వద్దు. వేదిక ముందు ఎత్తుగా రెండు కండెన్సర్ మైకులు చాలు. పాటల మైకులు ఆ పది నిమిషాలు పూర్తిగా ఆపేస్తాను, లేదంటే కూత పెడతాయి. ఐటమ్ భోజనాలకు ముందే పెట్టండి, తర్వాతైతే గిన్నెల చప్పుడులో ఎయిర్ వినపడదు.

సంగీతం చూసేవారు:
సరే, 11:40. కుర్చీలకు ఆరు నిమిషాలు, శ్రుతికి మూడు, వాయించడానికి ఏడు. యాంకర్‌కి ఒక్క నిమిషం.

యాంకర్లకు: హోల్‌స్ట్ సంస్కృతం లండన్‌లోనే నేర్చుకున్నారు, ఋగ్వేద సూక్తాలకు సంగీతం కట్టారు, మహాభారతంలోని సావిత్రి కథను ఒపెరా చేశారు. ఇది మనవాళ్లకు తప్పక చెప్పండి. కానీ ఈ సూట్‌లో వేదం ఉందనకండి. డాన్స్‌లోని ఒక వరుస ఆయన సిసిలీలో తోలుబొమ్మలాటలాంటి ప్రదర్శన దగ్గర విన్నది.

కాగితాల సంగతి: రచన మీద బ్రిటన్‌లో కాపీహక్కు 2004తో తీరిపోయింది, కానీ అచ్చువేసిన ఎడిషన్‌కు వేరే హక్కులుండొచ్చు. అందుకే పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా ఉండే నొటేషన్ కాగితాలు) కొందాం, జిరాక్సులు వద్దు. ఎవరు ఆర్డరు పెడతారో కింద రాయండి.