ఐదు రోజుల అమికాసిన్‌కి క్రియాటినిన్ రెండుసార్లు చూడాలా?

కందుకూరు నాన్న:
మా పాపకి మూడేళ్లు, 12 కిలోలు. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రోజుకొకసారి 180 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష, క్రియాటినిన్, మొదటిరోజు 0.3. నాలుగోరోజు మళ్లీ రక్తం తీశారు, 0.4. నరం దొరక్క మూడుచోట్ల పొడిచారు. పాపతో పాటు మా ఆవిడా ఏడ్చింది. రెండో పరీక్ష అవసరమేనా, బిల్లు కోసమా?

ఒంగోలు మెడికల్స్:
బిల్లు కోసమే అన్నా. బిడ్డ ఒంటికి బాగా పోస్తోందా? అయితే కిడ్నీ బాగున్నట్టే.

వార్డు సిస్టర్:
అదే పొరపాటు. ఈ మందు కిడ్నీ గొట్టాల కణాల్లో పేరుకుంటుంది. దెబ్బ తగిలినా మూత్రం మామూలుగానే రావచ్చు. పైగా క్రియాటినిన్ పెరగడం కనబడేది ఎక్కువగా ఐదోరోజు తర్వాతే. ఇంకోటి, మన ల్యాబు కాగితాల్లో చాలావాటి మీద పెద్దల లెక్కే ఉంటుంది, 0.6 నుంచి 1.2 అని. క్రియాటినిన్ వచ్చేది కండ నుంచి, అది తక్కువ కాబట్టి పిల్లలకి 0.3 మామూలే. అది 0.6 అయితే రెట్టింపయినట్టు, కాగితం మాత్రం నార్మల్ అంటుంది! మొదటి అంకె లేకపోతే రెండోదానికి అర్థమే లేదు. వారంలోపు ఒకటిన్నర రెట్లయితే కిడ్నీకి దెబ్బ కింద లెక్క. మీ పాపకి అది 0.45. 0.1 తేడా ల్యాబులోనూ వస్తుంది, టెన్షన్ వద్దు.

ఒంగోలు మెడికల్స్:
సరే సిస్టర్, మూత్రం మాట వెనక్కి తీసుకున్నా. కానీ రెండు రోజుల్లో ఆపేసే మందుకి కూడా పొడవాలా?

వార్డు సిస్టర్:
రెండు రోజులకైతే, బిడ్డ హుషారుగా ఉంటే, నేనూ పట్టుబట్టను. వాంతులు, విరేచనాలతో నీరసించిన బిడ్డైతే, వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ కూడా ఎక్కుతుంటే, లేకపోతే ముందే ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ లాంటి జ్వరం సిరప్ తాగి ఉంటే తప్పదు. ఇవన్నీ కిడ్నీ మీద భారం పెంచేవే. ఏం తాగించారని ఇంటివాళ్లని అడిగితే 'ఏదో జ్వరం సిరప్' అంటారు. ఆ సిరప్ చీటీ లేకుండా ఇచ్చేది మీరే కదా, సామీ?

కందుకూరు నాన్న:
చేర్చే ముందు రెండు రోజులు మెఫెనమిక్ మేమూ పోశాం. వాళ్లు అడగలేదు, మాకు తోచలేదు.

వార్డు సిస్టర్:
ఇప్పుడైనా డాక్టర్‌కి చెప్పన్నా. వారం తర్వాత ఒకసారి చూద్దామంటే కాదనకు. అదే ల్యాబులో చేయించు.

ఒంగోలు మెడికల్స్:
రెండు రోజుల కోర్సు విషయంలో నా మాట నాదే. మెఫెనమిక్ సంగతికి మాత్రం జవాబు లేదు.