హిల్లెల్ వాళ్ల సర్వీస్ ట్రిప్‌కి వెళ్లనా, వద్దా?

ఆస్టిన్_పిల్ల: మా క్యాంపస్‌లో హిల్లెల్ అని యూదు విద్యార్థుల సంఘం ఉంది. స్ప్రింగ్ బ్రేక్‌లో వారం రోజులు న్యూ ఆర్లీన్స్ వెళ్లి లోయర్ నైన్త్ వార్డ్‌లో ఇళ్లకి రిపేర్లు చేస్తారట, యూదులు కాకపోయినా రావొచ్చట. రూమ్‌మేట్ రమ్మంటోంది, నాన్న వద్దంటున్నారు. ఖర్చు 300 డాలర్లు. ఏం చెయ్యను?

కరకట్ట_బాబాయ్: వద్దమ్మా. సుత్తి పట్టడం రాని పిల్లలు వెళ్లి చేసేదేముంది, ఆ 300 అక్కడి వడ్రంగికి ఇస్తే రెండు తలుపులు బిగిస్తాడు.

సాయి_డల్లాస్: ఇజ్రాయెల్ గొడవల్లో తల దూర్చకు.

ఆస్టిన్_పిల్ల: అన్నా, న్యూ ఆర్లీన్స్ ఉంది అమెరికాలో, లూసియానాలో!

మిసిసిపి_గట్టు: నేను 2008లో వెళ్లాను, హిల్లెల్‌తోనే. కత్రినా తుఫాను వచ్చింది 2005 ఆగస్టు 29న, కెనాల్ గోడ తెగి వాడంతా మునిగింది. మూడేళ్లయినా తలుపుల మీద సహాయక బృందాలు స్ప్రేతో వేసిన ఇంటూ గుర్తులు అలాగే ఉన్నాయి, పైన వెతికిన తేదీ, కింద ఎంతమంది దొరికారో ఆ అంకె. మేం పగలంతా బూజు పట్టిన గోడలు పీకేవాళ్లం, శుక్రవారం పొద్దుగూకేసరికి, వాళ్ల శనివారపు విశ్రాంతి మొదలని, పని ఆపి దీపాలు వెలిగించేవాళ్లు. వాళ్ల భాషలో దానానికి వాడే మాట ‘త్సెదకా’, న్యాయం అనే ధాతువు నుంచే వచ్చిందట. ఇవ్వడం దయ కాదు, బాకీ తీర్చడం అన్నమాట. నాకది బాగా పట్టేసింది.

కరకట్ట_బాబాయ్: శుక్రవారం సాయంత్రం నుంచి పని లేదు, రానుపోను రెండ్రోజులు. మిగిలింది నాలుగు రోజులు. 300కి నాలుగు రోజులా?

మిసిసిపి_గట్టు: బాబాయ్ గారూ మీరు ఆ 300 దగ్గరే ఆగిపోయారు. 1964లో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం మిసిసిపి వెళ్లిన గుడ్‌మన్, ష్వెర్నర్ అనే యూదు కుర్రాళ్లు, వాళ్లతోపాటు చేనీ ప్రాణాలే ఇచ్చారు. వాళ్లు లెక్కలేసుకున్నారా?

కరకట్ట_బాబాయ్: చేనీ ఆ రాష్ట్రం వాడే, నల్లజాతి కుర్రాడు. మీరు అతని పేరు చివర్లో రాశారు చూడండి. నా బాధంతా అదే.

మిసిసిపి_గట్టు: పేర్ల వరస పట్టుకుని సాగదీస్తారేంటండీ, మీరు ఒక్కసారైనా ఎవరికైనా గోడ కట్టారా?

కరకట్ట_బాబాయ్: మాకే కట్టారు. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. నాకు తొమ్మిదేళ్లు. శవాలు తీసింది, గుడిసెలు నిలబెట్టింది బయటి కుర్రాళ్లే, వాళ్లకి ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ ఒక సంఘం వాళ్లు బియ్యం ఇచ్చేముందు అందర్నీ వరసలో నిలబెట్టి ఫోటో తీశారు. అందులో మా అమ్మ చిరిగిన చీర భుజం మీదికి లాక్కుంటూ ఉంది. బతికినన్నాళ్లూ ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోయేది. యూదులని కాదు, డబ్బనీ కాదు నా గొడవ.

లక్ష్మి_గుంటూరు: ఈ మాట ముందే చెప్పాల్సింది బాబాయ్ గారూ.

మిసిసిపి_గట్టు: తప్పుగా మాట్లాడాను, క్షమించండి. ఆ ఇంటూ గుర్తు వేసిన తలుపు ముందు నేనూ ఫోటో దిగాను. ఇంటావిడ మెట్ల మీదే కూర్చుని ఉంది, ఆవిణ్ణి అడగలేదు.

ఆస్టిన్_పిల్ల: రూమ్‌మేట్‌ని ఇప్పుడే అడిగాను, ఏ ఇంట్లో ఏం చెయ్యాలో ఎవరు చెప్తారని. తనకి తెలీదంది. రేపు ట్రిప్ లీడర్‌ని కలుస్తాం.

కరకట్ట_బాబాయ్: ఇంటివాళ్లే చెప్తారంటే వెళ్లమ్మా. మీ నాన్నతో నేను మాట్లాడతాను.