మా కాలనీ కుంటకు సిమెంటు గోడ కట్టిస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

కానుగగట్టు (తిరుపతి):
అందరికీ నమస్తే. మాది తిరుచానూరు రోడ్డు వైపు కాలనీ. వీధి చివర ఎకరాకు కాస్త ఎక్కువ కుంట ఉంది. మా అత్తగారు కాపురానికి వచ్చిన రోజుల్లో అందులోనే బట్టలు ఉతికేవాళ్లట. నేను వచ్చాక కూడా నీటికోళ్లు, గుడ్డికొంగలు ఉండేవి, కానుగ కొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చునేది. ఇప్పుడంతా గుర్రపుడెక్కే. నీళ్లు కనపడవు, వాసన మాత్రం వంటింటి దాకా వస్తుంది. పైనున్న రెండు అపార్ట్‌మెంట్ల మురుగు ఇందులోకే వదిలారు మరి.

ఇప్పుడు ఒక దాత ముందుకొచ్చారు. అడుగున కాంక్రీటు, చుట్టూ నిలువు గోడ, వాకింగ్ ట్రాక్, మధ్యలో ఫౌంటెన్, రంగు లైట్లు, దోమలు పోవడానికి గంబూసియా చేపలు. మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. "మరి కోళ్లు ఎక్కడ దిగుతాయి?" అని నేనంటే, "బిర్యానీలోకి" అని ఒకాయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఆదివారం లోపు మా అభిప్రాయం రాసివ్వాలి. ఊరికే వద్దంటే దాత పోతారు, ఆ తర్వాత కుంటా పోతుంది. పక్కన అంకణాల లెక్కన ప్లాట్లు అమ్మేవాళ్ల కళ్లు ఎప్పటి నుంచో దీని మీదే ఉన్నాయి. వద్దని చెప్పి, బదులు ఏం అడగాలి?

కలుజుకాడ (చిత్తూరు):
అమ్మా, చెరువు పనులు చేయించి రిటైరైనవాణ్ణి, చెబుతాను విను. ఫౌంటెన్ సంగతి తర్వాత. ముందు ఆ మురుగు పైపు. డెక్కను ఎంత పీకినా మురుగు వస్తున్నంత కాలం దానికి ఎరువు వేస్తున్నట్టే. ఆ పైపును డ్రైనేజీలో కలిపించకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనివ్వొద్దు.

రెండోది, కుంటకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, నిండితే ఎటు పోతాయి? సర్వేయరుతో ఎఫ్ఎంబీ, అంటే భూమి కొలతల మ్యాప్ తీయించి, నీళ్లొచ్చే కాలువ, నిండిన నీళ్లు పోయే కలుజు ఎక్కడున్నాయో చూడండి. సగం చోట్ల కలుజు మీద ఎవరిదో కారు షెడ్డు ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో మీరు చూసే ఉంటారు. పోవడానికి దారి లేని నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. ఆ మ్యాప్ చేతిలో ఉంటే ప్లాట్లవాళ్లతో మాట్లాడటమూ తేలిక. నీళ్లను, నేలను, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, అర్జీలో రాయండి.

అడుగున కాంక్రీటుకు మాత్రం ససేమిరా ఒప్పుకోవద్దు. కుంటలో నీళ్లు ఇంకితేనే మీ బోర్లకు నీళ్లు. కాంక్రీటు పోస్తే అది కుంట కాదు, పెద్ద సంపు. అలాగని నీళ్లు ఒక్కసారిగా ఇంకిపోకూడదు. పూడిక తీసేటప్పుడు బంకమట్టి పొర తగలగానే జేసీబీని ఆపించాలి. లోతు తవ్వామని గొప్పలు పోయి ఆ పొర చీల్చారనుకో, డిసెంబరులో నిండిన కుంట సంక్రాంతి దాటగానే ఎండుతుంది.

మునుగుకోడి (తిరుపతి, జువాలజీ పీజీ):
అక్కా, గంబూసియా వద్దని గట్టిగా చెప్పండి. అవి అమెరికా చేపలు, దోమల కోసం దాదాపు వందేళ్ల కిందట మన దేశానికి తెచ్చారు. దోమ పిల్లల్ని తింటాయి, కాదనను. కానీ కప్ప పిల్లల్ని, మన చిన్న చేపల గుడ్లను కూడా వదలవు. కప్పలు, తూనీగలు తిరిగొస్తే దోమల పని అవే చూసుకుంటాయి. తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి, దోమ పిల్లల్ని బాగా తింటాయి. ఇంకో సంగతి, డెంగీ దోమ కుంటలో పుట్టదు. మన డాబా మీద మూత లేని డ్రమ్ములో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో పుడుతుంది. మీటింగ్‌లో ఆ నవ్వినాయన డాబా ఒకసారి చూసిరండి :)

జేసీబీ అంటే నాకు టెన్షన్. నీళ్లు తగ్గితే తాబేళ్లు బురదలో దూరి ఉండిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో కుంటంతా ఒకేసారి తవ్వితే బకెట్‌లో పోయేది మట్టి ఒక్కటే కాదు. ఈ ఏడు ఒక సగం, వచ్చే ఏడు ఇంకో సగం తీయించండి. లోతైన వైపు కొంచెం నీళ్లు ఉంచండి, కొర్రమీనులు అక్కడ బతుకుతాయి.

మూడోవీధి (తిరుపతి):
నాదీ ఇలాంటి కుంట పక్కనే ఇల్లు. పిట్టలు, కప్పలు బాగానే ఉన్నాయి. మా చిన్నోడు సైకిలేసుకుని గట్టు మీదే తిరుగుతాడు, వాణ్ణెవరు చూస్తారు? పాములో? గోడ ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ప్రకృతి ప్రేమికులు ఈ మాటకు ఎప్పుడూ జవాబు చెప్పరు.

కలుజుకాడ (చిత్తూరు):
న్యాయమైన మాట. అయితే నీళ్లలోకి దిగిన నిలువు గోడే ఎక్కువ ప్రమాదం, తల్లీ. అందులో పడితే పిల్లాడికే కాదు, దూడకూ పట్టు దొరకదు. అడుగు లోతుకు మూడడుగుల చొప్పున వాలుగా మట్టి గట్టు ఉంటే జారినా మోకాటి నీళ్లలో లేచి నిలబడొచ్చు. నీటికోళ్లు దిగేదీ ఆ వాలు మీదే, తుంగ మొలిచేదీ అక్కడే. రోడ్డు వైపు మాత్రం గట్టు పైన మెష్ ఫెన్సింగ్ వేయించండి, గేటుకు తాళం పెట్టండి. కప్పలు, తాబేళ్లు దాటడానికి కింద జానెడు ఖాళీ వదిలితే చాలు. పాములంటావా, కుంటలో ఎక్కువగా కనిపించేది నీరుకట్టె, దానికి విషం లేదు. అయినా ఏ పామునూ పట్టబోవద్దని పిల్లలకు చెప్పాల్సిందే. చెత్త కుప్పలుంటే ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం నాగుపాము వస్తుంది. అది గోడ కట్టినా వస్తుంది.

కానుగగట్టు (తిరుపతి):
అందరికీ థాంక్స్. రాత్రి కూర్చుని రాశాను: ముందు మురుగు పైపు, తర్వాత సర్వే, ఆపైన సగం పూడిక, వాలు గట్టు, రోడ్డు వైపు ఫెన్సింగ్. వాకింగ్ ట్రాక్ గట్టు బయట వైపు ఉంటే అభ్యంతరం లేదన్నాను, దాత పేరుతో బోర్డూ అక్కడే పెట్టుకోవచ్చు. ఫౌంటెన్ డబ్బు డెక్క పీకే కూలీలకు ఇమ్మన్నాను. డెక్క ఒక్కసారి పీకితే పోతుందా?

మునుగుకోడి:
పోదక్కా. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి ఉంటాయి. పూత రాకముందే పీకి, గట్టుకు దూరంగా కుప్ప వేయండి. కుళ్లిన నీళ్లు మళ్లీ కుంటలోకి రాకూడదు. మొదటి రెండు మూడేళ్లు వానలు తగ్గగానే మొలకలు ఏరడానికి మనుషులు కావాలి. మా క్లాసులో అడుగుతాను, ఆదివారమైతే కొందరు వస్తారు. వినాయకుణ్ణి మాత్రం ఈసారి కుంటలో వేయనివ్వకండి, కాలనీకి ఒక పెద్ద టబ్ పెట్టించండి. ఆ ఖర్చు కూడా దాత లెక్కలోనే రాసేయండి.