లెక్కలంటే జ్వరం, మాటలూ బొమ్మలూ ప్రాణం: ఇంటర్‌లో ఏ గ్రూపు?

నెల్లూరు నాన్న: మా అమ్మాయి పది పాసైంది. బొమ్మలు వేస్తుంది, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది. ఎంపీసీ వద్దంటోంది. సీఈసీయా (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), హెచ్‌ఈసీయా (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్)? హాస్టల్ ఉన్న కాలేజీలు కూడా చెప్పండి.

నల్లకోటు: నేను హెచ్‌ఈసీలో చేరితే, పెళ్లిళ్లలో మా అమ్మ గ్రూపు పేరెత్తకుండా "ఇంటర్" అని దాటేసేది. ఇప్పుడు ఆ బంధువులే పొలం తగాదాల కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలు, అందులో 60 న్యాయవిద్య అభిరుచి మీదే. జాతీయ లా యూనివర్సిటీల పరీక్ష క్లాట్‌లో మాత్రం కొన్ని లెక్కలుంటాయి.

రంగుల డబ్బా: బొమ్మలు వేసే పిల్లకు కోర్టులెందుకండీ? హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేయించండి. ఆర్కిటెక్చర్ జోలికి వెళ్లకండి, దానికి ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. ఫ్యాషన్ డిజైనింగ్‌కైతే లెక్కలతో పనే లేదు.

కత్తెర అక్క: పనే లేదా! ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ప్రవేశ పరీక్షలోనే లెక్కలున్నాయి. అంబ్రెల్లా లంగా ఎప్పుడైనా కత్తిరించారా? నడుము చుట్టుకొలత 28 అంగుళాలైతే 6.28తో (2π) భాగించి, దాదాపు నాలుగున్నర అంగుళాల వ్యాసార్ధంతో గీయాలి. అర అంగుళం ఎక్కువ గీస్తే నడుము మూడు అంగుళాలు వదులవుతుంది. పెళ్లికూతురు ఏడుస్తుంది, డబ్బు నేను వాపసు ఇవ్వాలి.

రంగుల డబ్బా: మా వీధి టైలర్ మాస్టరు ఐదో తరగతే చదివారు. ఆరుతో భాగించి పావు అంగుళం తగ్గిస్తారు, అంతే.

కత్తెర అక్క: భాగిస్తే అది లెక్క కాక కవిత్వమా?

రంగుల డబ్బా: దాన్ని చేతి అనుభవం అంటారు. అందరూ మీలా కాలిక్యులేటర్‌తో కుట్టరు.

కత్తెర అక్క: నా బొటిక్‌లో పనిచేసి వెళ్లిన వాళ్లు సొంత షాపులు పెట్టుకున్నారు. మీరు రంగులు కలుపుకోండి.

మాటల వైద్యం: కాస్త ఆగండి. మనుషులతో మాట్లాడే పని కదా అని నేను సైకాలజీలో చేరాను. అక్కడ స్టాటిస్టిక్స్ పేపరు కాచుకుని కూర్చుంది! అయినా అది ఎంపీసీ లెక్కల్లాంటిది కాదు, గట్టెక్కవచ్చు. డిగ్రీ రాగానే క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవడం కుదరదు, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సు చేసి నమోదు కావాలి.

నెల్లూరు నాన్న: హాస్టల్ సంగతి ఎవరూ చెప్పలేదు...

నల్లకోటు: హాస్టల్ ఎక్కడైనా దొరుకుతుంది. మీ అమ్మాయి వాదిస్తుందా, లేదా? అది చెప్పండి.

కత్తెర అక్క: ముందు ఆ మాస్టరు కుట్టిన లంగాకు టేపు పెట్టి నడుము ఎంత వచ్చిందో చెప్పమనండి.